అత్తమ్మ చెప్పిన సీరియళ్లు

పెళ్లయి కరీంనగర్ నుంచి కోల్‌కతా వచ్చేనాటికి నాకు బెంగాలీలో రెండే మాటలు వచ్చు. రెండూ మిఠాయిల పేర్లే. మా అత్తమ్మ తెలుగు మనిషే అయినా ఇక్కడికి దగ్గర్లోని లిలువా రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది, బెంగాలీ ఆమెకు కొట్టినపిండి. అందుకని సాల్ట్ లేక్‌లోని మా ఫ్లాట్‌లో రోజూ ఏడింటికి టీవీ బెంగాలీలో చెబితే, అత్తమ్మ తెలుగులో చెప్పేది.

అప్పట్లో అన్నీ అత్తాకోడళ్ల సీరియళ్లే. ఓ సాయంత్రం తెరమీది అత్తగారు అటూ ఇటూ చూసి, కోడలి పాలగ్లాసులో ఏదో పొడి కలిపింది.

“ఏం కలుపుతుంది అత్తమ్మా?”

“మిరియాల పొడి. కోడలికి జలుబు సేసింది కదేటి.”

కోడలు తాగి దబ్బున కూలబడింది.

“గిట్ల పడిపోయిందేంది?”

“నిద్దరొచ్చింది. పాపం, పొద్దుట్నుంచీ ఒకటే పని.”

ఆఫీసులో ఇతరుల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం అంతా నమ్మేశాను. ఆఫీసుకెళ్లే సెక్టర్ ఫైవ్ బస్సులో ఏడాది తిరిగాక బెంగాలీ చెవికెక్కింది. అత్తమ్మది అనువాదం కాదు, అనునయమని అప్పుడు తెలిసింది. కొత్త కోడలు అత్త అన్న మాటకే జడుసుకుంటుందేమోనని ఆమె బెంగ. నేను బయటపడలేదు. అసలు కథ కంటే నాకు అత్తమ్మ కథే బాగుండేది.

ఈమధ్య గాలి మారింది. ఏడింటి అత్తాకోడళ్లను సాగనంపి, హత్యల సీరియల్ పెట్టారు. పెద్ద బంగ్లా, ఓ లాయరు శవం, ఓ పోలీసమ్మ. ఆ ఇంటి అత్తగారికి అందరికీ టీ అందించడం తప్ప పనిలేదు. రెండో వారానికే అత్తమ్మ ఏడు కాగానే వంటింట్లోకి వెళ్లి కూరగాయలు ముందేసుకోవడం మొదలుపెట్టింది.

“అత్తగారు టీలు మోస్తంది. ఇందులో నేను సెప్పడానికేటుంది? నువ్వు సూసుకో.”

సోఫాలో నా పక్క చోటు ఖాళీ అయింది. సీరియల్ అంతా అర్థమైతే ఇంత చప్పగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎలాగైనా ఆమెను రప్పించాలి. మర్నాడు వంటింటికి వినపడేలా అన్నాను:

“సమజైంది! గీ పోస్ట్‌మ్యానే సంపిండు!”

కత్తిపీట చప్పుడు ఆగింది. “ఓలమ్మ! పోస్టుమేనెందుకు సంపుతాడే? ఆడు ఉత్తరమిచ్చి ఎల్లిపోయాడు కదా!” అంటూ సగం తరిగిన సొరకాయతో వచ్చి కూర్చుంది. మరి లేవలేదు. ఆ రోజు నుంచి రోజుకొకరిని తప్పుగా అనుమానించడం నా పని, నన్ను దిద్దడం ఆమె పని.

ఆఖరి రోజు వచ్చింది. పోలీసమ్మ వేలు నేరుగా టీ ట్రే మీదికి వెళ్లింది. అత్తగారు ట్రే దించి, నేనే చంపానంటూ ఒప్పుకుంది. మిఠాయిల పేర్లు మాత్రమే వచ్చిన రోజుల్లో విన్నా నాకు అర్థమయ్యేంత నెమ్మదిగా.

“ఏమంటుంది అత్తమ్మా?”

అత్తమ్మ గొంతు సవరించుకుంది. “నువ్వు ముందన్నదే నిజం, అమ్మీ. పోస్టుమేనేనట.”

“మరి ఆమెకెందుకు బేడీలు ఏస్తుండ్రు?”

“సాచ్చికానికి తీసుకెల్తన్నారు,” అంది అత్తమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. “దారిలో తప్పిపోకుండా.”