హుస్సేనీ ఆలంలో అరుగు వెనక్కి జరిగింది

ఆదివారం పొద్దున్నే మేం కొంతమందిమి పాతబస్తీలో ఏదో ఒక గల్లీలో కూర్చుని బొమ్మలు వేసుకుంటాం. మాకు నేర్పేది ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచరు. అందరం ఆమెను మేడం అంటాం. నేను బస్ డిపోలో ఉద్యోగిని. బొమ్మల్లో నా స్థాయి ఏమిటంటే, ఒకసారి నేను వేసిన మేకను చూసి మేడం "కుర్చీ బాగుంది" అన్నారు.

ఆ వారం హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంటి ఎదుట మడత స్టూళ్లు వేసుకున్నాం. చెయ్యి చాచి, పెన్సిల్ నిలబెట్టి, ఒక కన్ను మూసి కొలత చూసుకోవాలని మేడం చెప్పారు. అందరం వరసగా ఒక కన్ను మూసి ఒకే ఇంటికేసి పెన్సిళ్లు చూపిస్తుంటే, ఆ ఇంటి పెద్దాయన నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు.

"ఏంది, కొలుస్తున్నరా?"

"అవును బాపూ," అన్నాను. నిజమే కదా.

ఆయన గబగబా లోపలికి వెళ్లి, చొక్కా తొడుక్కుని, అందరికీ చాయ్ పట్టుకొచ్చాడు. "రోడ్డు పెద్దగ జేస్తరంట. మా అరుగు పోతదా బిడ్డా?"

"మేం సర్కారోళ్లం కాదు బాపూ. ఉత్తగ బొమ్మలేసుకుంటున్నం."

"అందరు గట్లనే అంటరు," అని నా పక్కనే కూర్చుని పుస్తకంలోకి తొంగి చూశాడు. నా బొమ్మలో వాళ్ల అరుగు నడిరోడ్డు దాకా నాలుక చాపినట్టు ఉంది. ఆయన ముఖం వాడిపోయింది. "గింత ముంగటికున్నదా? జర సక్కగ చూడు."

నాకు జాలేసింది. రబ్బరుతో చెరిపి కాస్త వెనక్కి జరిపాను. "ఇంకొంచెం," అన్నాడు. ఇంకొంచెం జరిపాను.

ఎదురు షాపు టైలరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. మెడలో టేపుతో వచ్చేశాడు. "భాయ్, మరి నా మెట్లు? అవి గూడ కట్ జెయ్." నాకు నమ్మకం కలగాలని మెట్లకు టేపు పెట్టి కొలిచాడు కూడా.

"టేపు గుంజకు," అన్నాడు పెద్దాయన.

"బాపూ, జిందగీ మొత్తం గిదే పని నాది. ఫికర్ చెయ్యకు."

ఇద్దరినీ సంతోషపెట్టేసరికి నా రబ్బరు అరిగిపోయింది. గల్లీ పెద్ద మైదానమైంది. అంత ఖాళీ చూసి ఉండబట్టలేక మధ్యలో ఒక డబుల్ డెక్కర్ బస్సు కూడా వేశాను.

పెద్దాయన మిగతా వాళ్ల పుస్తకాలన్నీ చూసొచ్చాడు. మేడం బొమ్మలో అరుగు ఉన్నది ఉన్నట్టే ఉంది. ఆమెకేసి అనుమానంగా చూసి, "నీదొక్కటే కరెక్టుగున్నది," అన్నాడు నాతో. నా కళను ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఛాతీ ఉబ్బింది. కాగితం చింపి ఇచ్చేశాను.

"సంతకం?"

పెట్టాను.

"ముద్ర?"

నేను మేడంకేసి చూశాను. ఆమె రంగు సీసా మూతను నీలంలో ముంచి, సంతకం పక్కన గుండ్రంగా ఒత్తారు.

తరవాత ఒకరోజు బహదూర్‌పురా వెళుతూ ఆ గల్లీలోంచి వచ్చాను. నా కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెద్దాయన గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించారు. చూస్తూ నిలబడితే వెనక నుంచి టైలరు పిలిచాడు.

"భాయ్, నా కాపీ ఏమాయె?"