ఎర్ర సగం, నీలి సగం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. సివిల్ డిప్లొమా చేతికొచ్చి ఇంకా మడత నలగలేదు మరి. కమలాపురం దగ్గర మా ఊరి గుడి (మేం చర్చిని గుడి అనే అంటాం) కడప బండలు పరిచిన పొడవాటి గది. దాన్ని బాగుచేసే పని ఫాదర్ నాకప్పగించారు. ఫోనులో విదేశీ గుళ్లన్నీ చూసి, మొన తేలిన కమాన్లూ, గుమ్మంపైన బండిచక్రమంత గుండ్రటి, సగం ఎరుపు సగం నీలం రంగుటద్దాల కిటికీ గీశాను. "పడమర గదప్పా, ఎండ కొడతాదేమో" అన్నారు ఫాదర్. "గోతిక్ శైలి ఫాదర్, అట్లే ఉండాల" అన్నాను. (ఆ శైలి కనిపెట్టినవాళ్లు మే నెలలో కమలాపురం రాలేదన్నది నాకు తట్టలేదు.)

కిటికీ పెట్టాక మొదటి ఆదివారం సాయంత్రం పూజకే బండారం బయటపడింది. మా గుడిలో ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క చాపల మీద కూర్చుంటారు. అద్దంలోని నీలి సగం మగవాళ్ల మీద, ఎర్ర సగం ఆడవాళ్ల మీద పడింది. పూజ అయ్యీ కాకముందే మా మేనత్త నన్ను పట్టుకుంది. "ఏమప్పా ఇంజనీరూ, మొగోళ్లకు సల్లగా నీలం, మాకు నిప్పులా?"

"రంగును బట్టి వేడి ఉండదత్తా."

"అట్లయితే నువ్వొచ్చి ఈడ కూచో!"

కూర్చున్నాను. ఆడవాళ్లందరి మధ్యా చెమటలు కక్కాను. ఎండకో, సిగ్గుకో ఇప్పటికీ చెప్పలేను. వారం తిరిగేసరికి ఆడవాళ్లు నీలంలోకి వచ్చేశారు, మగవాళ్లు వరండాలోకి పోయారు. "ఇంకో వారం చూసి ఇటుకలు పెట్టి మూసేద్దాం నాయనా" అన్నారు ఫాదర్ మెత్తగా. నా మొట్టమొదటి పని అది. నాకు అన్నం సయించలేదు.

ఆ ఆఖరి ఆదివారం మా జేజి (నాయనమ్మ) ఆలస్యంగా వచ్చింది. తాత పోయినప్పటి నుంచీ తెల్లచీర తప్ప కట్టని మనిషి. వేరే చోటు లేక ఎర్ర వెలుగులోనే కూలబడింది. చీరంతా ఎర్రబడింది. కొంగు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇట్ల జరుగు మా, కాల్తాది ఆడ" అంది అత్త తల్లితో.

"కాలనీలేవే. శానా బాగుండాది."

వెలుగు జరిగితే జేజీ చాప లాక్కుంటూ దాని వెంబడే జరిగింది. పై వారం ఊళ్లోని తెల్లచీరలన్నీ ఆమె పక్కన చేరాయి. ఇటుకల మాట మళ్లీ వినబడలేదు.

"ముందే ఆలోచించినావా ఇదంతా?" అని ఫాదర్ అడిగితే వినయంగా తల వంచి ఔనన్నాను. పాపసంకీర్తనంలో (ఫాదర్ ముందు తప్పులు ఒప్పుకునేటప్పుడు) ఆ అబద్ధం చెప్పేద్దామంటే వినేదీ ఆయనే. ఆయన బదిలీ అయ్యాక కొత్త ఫాదర్‌కు చెబుదామనుకుంటే, అప్పటికే జేజి ఊరంతా చెప్పేసింది: "నా మనవడు నాకోసమే పెట్టించినాడు ఆ ఎర్రద్దం." పోయేదాకా అట్లాగే నమ్మింది. ఆడామగా పక్కల పట్టింపు పోయాక, ఇప్పుడు ఆమె చోట నేనే కూర్చుంటున్నాను. తెల్లచొక్కా ఎర్రబడినప్పుడల్లా, తల వంచి నిలబడ్డ ఆ కుర్ర ఇంజనీరు గుర్తొచ్చి, పూజ మధ్యలో నవ్వు ఆపుకోలేక దగ్గుతాను.