ఖాలా అడిగిన మాట

మాదన్నపేటలో మా పక్కింట్లో లక్కగాజులు చేసే ఆమెను అందరం ఖాలా అనేవాళ్లం. ఆమెకు బోదకాలు. ఎవరైనా గాజులకు వస్తే, ముందు దుపట్టాతో కాలు కప్పుకుని, తర్వాతే గాజులు చూపించేది.

ఒకసారి జ్వరంతో కాలు మరీ ఉబ్బితే, నేనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను.

"దోమకాటుతో ఒంట్లో చేరిన పురుగులు ఎప్పుడో చచ్చిపోయినయమ్మా," అన్నాడు డాక్టరు.

"మరి కాలెందుకు తగ్గుతలేదు సార్?"

"వాటితోని ఏండ్లకేండ్లు కొట్లాడి, మీ ఒళ్లే లోపలి నాళాలను పాడుచేసుకున్నది. అవి మళ్లీ బాగుకావు. రోజూ కడిగి, తుడిచి కాపాడుకోవాలె."

బయటికొచ్చాక ఖాలా నా చెయ్యి పట్టుకుంది.

"నా ఒళ్లు నాకోసమే కొట్లాడింది గదా బేటా. దాన్నేమని తిట్టాలె?"

ఉబ్బిన కాలికి ఎక్కని ఆమె చెప్పును చేత్తో పట్టుకుని, పక్కనే మెల్లగా నడిచాను.