విమల భుజం

ఇది జరిగినప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ముసలితనంలో, గుమ్మడిదల వయోజన బడిలో నేర్చుకున్నాను. అంతకుముందే ఎవరికైనా చెప్పి రాయించవచ్చు కదా అంటారు. ఇద్దరికి చెప్పి చూశాను. సగం వినకముందే దయ్యం అనేశారు. దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. శవాలను కడిగిన చేతులు నావి, ఒక్కటీ లేచి కూర్చోలేదు. అందుకే నా చేత్తోనే రాయాలని ఆగాను.

డెబ్బైల మొదట్లో సంగారెడ్డి దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేదాన్ని. నర్సు చదువు చదివే పన్నెండు మంది ఆడపిల్లలు అక్కడే హాస్టల్లో ఉండేవాళ్ళు. పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. చేతులు నలిగినవాళ్ళు, ఒళ్ళు కాలినవాళ్ళు రోజూ వచ్చేవారు. పిల్లలకు పగలంతా వార్డు, సాయంత్రం పాఠాలు. ఒక పిల్ల అన్నం ముందు పెట్టుకొని ఏడ్చేది. ఇంకో పిల్ల పెట్టె సర్దుకొని గేటు దాకా పోయి తిరిగి వచ్చేది.

వాళ్ళ టీచరమ్మ చూడలేక ఒక ఉపాయం చేసింది. పొద్దున డ్యూటీకి ముందు హాల్లో చాపల మీద కళ్ళు మూసుకొని కూర్చోమనేది. ఊపిరి పది దాకా లెక్కపెట్టాలి, మళ్ళీ ఒకటి నుంచి. నాకు గడియారం చూడడం రాదు. అందుకని కొవ్వొత్తికి గుండుసూది గుచ్చి ఇచ్చేది. మైనం కరిగి సూది తట్టలో రాలగానే నేను వెనక నుంచి ఒక్కొక్కరి భుజం మీద చెయ్యి వేసి లేపాలి.

"ఆయమ్మా, గురక పెడితే టీచరమ్మకు చెప్పకు" అనేవాళ్ళు.

"చెప్ప తియ్యున్రి. చాప మీద చొంగ కార్చకున్రి, కడిగేది నేనే."

చివరి చాప విమలది. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరినాయన. "నన్ను ఆఖర్న లేపు ఆయమ్మా, ఇంకో నాలుగు ఊపిర్లు దొరుకుతాయి" అనేది.

ఒక నెల పాటు ఆ భుజం కాలుతూనే ఉండింది. చీర మీద నుంచే తెలిసేది. "పది దాకా రావట్లేదండీ, ఆరు దగ్గరే ఊపిరి ఆగిపోతోంది" అని విమల ఒకరోజు చెప్పింది. "పరీక్షల భయం తల్లీ, ఇంకా నెమ్మదిగా కూర్చో" అంది టీచరమ్మ. ప్రేమగానే అంది. నేనూ ఒకసారి, "అమ్మా, పిల్ల ఒళ్ళు కాలుతున్నది" అన్నాను. "నిద్ర చాలక అలా ఉందిలే" అంది టీచరమ్మ. నేను మళ్ళీ అనలేదు. థర్మామీటర్ చదవడం రానిదాని మాట ఎవరు వింటారనుకున్నాను.

విమల వార్డులోనే పడిపోయింది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. అక్కడే మంచం ఇచ్చారు.

మూడో రోజు పొద్దున సూది రాలింది. కొవ్వొత్తి ఆర్పి, వరుసగా లేపుకుంటూ పోయాను. చివరి భుజం మీద చెయ్యి వేశాను. గంజి పెట్టిన గుడ్డ, కింద ఎముక. చల్లగా ఉంది. జ్వరం దిగింది, బతికింది పిల్ల అనుకున్నాను. ఆ భుజం ఒక పొడుగు ఊపిరి వదిలి నా చేతి కింద మెల్లగా కిందికి దిగింది.

"ఎవరిని లేపుతున్నావు?" అంది టీచరమ్మ.

చూస్తే నా చెయ్యి గాలిలో ఉంది. కింద ఉత్త బండలు. ఆ పొద్దున పదకొండు చాపలే పరిచింది నేనే. కాసేపటికి వార్డు నుంచి కబురు వచ్చింది, విమల అప్పుడే పోయిందని.

చేతికి అలవాటు అయిందన్నారు హాల్లో చూసినవాళ్ళు. నెల రోజులు నా చేతికి అలవాటైంది వేడి. చల్లదనం ఎక్కడిది? దానికంటే, ఆ క్షణాన నేను సంతోషపడ్డానన్నదే మింగుడుపడదు.

మరునాడు పొద్దున పిల్లలు మళ్ళీ కూర్చున్నారు. నేను సూది రాలేదాకా ఆగలేదు. ఒక్కొక్కరి మెడ మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ వచ్చాను. మూడో చాప మీది పిల్ల మెడ వెచ్చగా తగిలింది. ఎవరినీ అడగకుండా రెక్క పట్టుకొని డాక్టరు గది దగ్గరికి తీసుకుపోయాను.

"డ్యూటీ అయినాక తీసుకురా" అన్నాడాయన.

"ఇక్కడనే కూసుంటం సారు" అన్నాను.

బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం.