హల్లెలూయా లేదు, గిల్లెలూయా లేదు

ఆ రోజుల్లో నా కోపానికి బీపీ అనే పేరు ఇంకా రాలేదు. వట్టి కోపమే. వచ్చిందంటే చెవులు వేడెక్కేవి, మాట తడబడేది, ఏం చేశానో చేసేశాక గానీ నాకే తెలిసేది కాదు. ఇప్పుడు డాక్టరుగారు పొద్దున్నే వేసుకోమని ఓ మాత్ర రాశారు. చాలా కోపాలు ఆ మాత్రకు లొంగిపోయాయి. పాలవాడి మీద కోపం, కరెంటు వాళ్ళ మీద కోపం, చివరికి మా ఆయన మీద కోపం కూడా. ఒక్కటి మాత్రం లొంగలేదు. అది రేపల్లెలో, క్రిస్మస్ నాడు, మా సొంత గుడిలో (మా వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం) నాకొచ్చిన కోపం. చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే చెబుతాను గానీ, లోపల ఇంకా మండుతూనే ఉంటుంది.

అప్పుడు నేను తెనాలిలో ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. చదువయ్యాక మొదటి ఉద్యోగం. లెక్కల టీచరు నా ఈడుదే. పుట్టిల్లు పేరాల, నేతపనివాళ్ళ ఇల్లు. పెళ్ళయి ఏడాది కూడా తిరగలేదు. అత్తవారిది బాపట్ల కావడంతో రోజూ రైల్లో తెనాలి వచ్చి వెళ్ళేది. స్టాఫ్‌రూమ్‌లో అందరం దాన్ని 'పేరాల' అనే పిలిచేవాళ్ళం. అది నన్ను 'రేపల్లె' అనేది. ఇద్దరం ఒకే క్యారియర్‌లోంచి తినేవాళ్ళం, ఒకే హెడ్‌మాస్టర్ని తిట్టుకునేవాళ్ళం. స్నేహానికి ఇంతకంటే గట్టి పునాది ఏముంటుంది?

ఆ ఏడాది వర్షాకాలంలో పేరాల వాళ్ళమ్మకు తెనాలిలోనే ఆపరేషన్ అయింది. నేను స్కూలు వదలగానే ఆస్పత్రికి వెళ్ళి కూర్చునేదాన్ని. ఆపరేషన్ రోజున ఏం చెయ్యాలో తోచక, ఆ గది బయట బెంచీ మీద పేరాల చెయ్యి పట్టుకుని, మెల్లగా ప్రార్థన చేసుకున్నాను. వాళ్ళమ్మ కోలుకుంది. (డాక్టరు మంచివాడు. అది కూడా చెప్పాలి.) తరవాత ఓ మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో పెరుగన్నం కలుపుతూ పేరాల అంది: "ఏమే రేపల్లే, ఆ రోజు నువ్వు కళ్ళు మూసుకుని గొణుగుతుంటే నాకెందుకో ధైర్యం వచ్చింది. మీ దేవుడు ఎలా ఉంటాడో ఓసారి చూడాలనుంది. క్రిస్మస్‌కి నన్నూ తీసుకెళ్ళవా?"

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. మతం మార్చేద్దామని కాదు, ఆ ఆలోచనే లేదు. మన ఇంట్లో బాగా వండే కూర ఒకటుంటే స్నేహితురాలికి తినిపించాలనిపిస్తుంది చూడండి, అలాంటి సంబరం. ఆ సంబరంలో మా పెద్దమ్మ సంగతి పూర్తిగా మర్చిపోయాను.

మా నాన్నగారి అన్నగారు గుడికి పెద్ద. ఆయన భార్య మైకు పెద్దమ్మ. ఆ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టిందే. ప్రార్థన చేసినా మైకులోనే, పాట ఎత్తుకున్నా మైకులోనే, చెప్పులు వరసగా విడవమని చెప్పినా మైకులోనే. గుడి పైకప్పు పెదనాన్న వేయించాడు కాబట్టి దాని కింద పలికే ప్రతి మాటా తనదేనని ఆవిడ నమ్మకం. పనిమనిషి పాత చీర అడిగితే "దేవుడు చూసుకుంటాడులే" అని పంపేది. పక్కింటివాళ్ళ పిల్ల పరీక్ష తప్పితే "పాపం పండింది" అని అరుగు మీద కూర్చుని చెప్పేది. ఆదివారం అయ్యేసరికి తెల్లచీర కట్టుకుని "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చదివేది. ఆవిడ ప్రేమను దీర్ఘకాలం సహించినవాళ్ళం మాత్రం మేము.

పండగ పొద్దున్న తెనాలి స్టేషన్‌లో రేపల్లె బండి ఎక్కాం. పేరాల ఆకుపచ్చ చీర కట్టుకుని, తల్లో చేమంతులు పెట్టుకుని వచ్చింది. మా అమ్మకు ఇవ్వడానికి వాళ్ళ నాన్న సొంత మగ్గం మీద నేసిన చీర ఒకటి పేపర్లో చుట్టి తెచ్చింది. నుదుటి మీద కుంకుమ రోజూ కంటే పెద్దగా, గుండ్రంగా దిద్దుకుంది. "మీ పండగ కదా, శ్రద్ధగా పెట్టుకున్నా" అంది. మర్యాదకు పెట్టుకున్న బొట్టు అది. మా దేవుడింటికి వస్తూ, మా దేవుడి గౌరవార్థం పెట్టుకున్నది.

గుడి నిండా జనం. ఆడవాళ్ళ వైపు చాప మీద ఇద్దరం కూర్చున్నాం. అందర్నీ చూసి తనూ కొంగు తల మీదికి లాక్కుంది. పాటల పుస్తకంలో నా వేలు వెంట కళ్ళు పరిగెత్తించి రాగం కూడా పట్టేసింది. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మంచి ప్రసంగమే చేశారు. సత్రంలో చోటు లేక పశువుల పాకలో పుట్టిన బిడ్డ గురించి. పేరాల కళ్ళు తుడుచుకుంది. నా గుండె ఉప్పొంగింది.

అంతలో మైకు పెద్దమ్మ లేచింది.

"కొత్తగా వచ్చినవాళ్ళు ముందుకు రండమ్మా, ప్రార్థన చేస్తాను." నేను వద్దని చెయ్యి పట్టుకునేలోపే పేరాల లేచి వెళ్ళింది. పెద్దవాళ్ళు పిలిస్తే లేవడం దానికి అలవాటు. పెద్దమ్మ ఓ చేత్తో మైకు పట్టుకుని, ఇంకో చెయ్యి దాని తల మీద పెట్టి గట్టిగా ప్రార్థన అందుకుంది. పేరాల కళ్ళు మూసుకుని, చేతులు జోడించి నిలబడింది. అప్పుడు పెద్దమ్మ తల మీది చెయ్యి తీసి, తన కొంగు చివర ఉమ్మితో తడిపి, దాని నుదుటి మీద కుంకుమను గట్టిగా, అంట్లగిన్నె తోమినట్టు తుడిచేసింది. తుడిచి మైకులో అంది: "సైతాను ముద్ర పోయింది! హల్లెలూయా!"

గుడి బయట వేపచెట్టుకు కట్టిన లౌడుస్పీకరులోంచి ఆ మాట రేపల్లె సగానికి వినబడింది. లోపల కొంతమంది "ఆమెన్" అన్నారు. (ఎవరెవరు అన్నారో నాకిప్పటికీ గుర్తే.) కొంతమంది తల దించుకున్నారు. పెదనాన్న పైకప్పు వైపు చూశాడు. అయ్యగారు బైబిల్లో పేజీలు తిప్పుకున్నారు. పేరాల కళ్ళు తెరిచింది. నుదురంతా ఎర్రగా అలికినట్టయింది. ఏం జరిగిందో అర్థమై, చెయ్యి నుదుటి దాకా వెళ్ళి ఆగిపోయింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల నుదుటి బొట్టు మరొకరు చెరపడమంటే ఏంటో మన వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మకు అసలే చెప్పక్కర్లేదు.

నా చెవులు వేడెక్కాయి. తరవాత నేను పెద్దమ్మ ఎదురుగా ఉన్నాను. ఎలా వెళ్ళానో తెలియదు, ఇద్దరు ముసలమ్మల్ని దాటుకుని వెళ్ళానని తరవాత వాళ్ళే చెప్పారు. మైకు పట్టుకుని లాగాను. ఆవిడ వదల్లేదు. ఆ తరవాతి సంభాషణ అంతా రేపల్లెకు ప్రత్యక్ష ప్రసారమైంది.

"వదులు పెద్దమ్మా!"

"నువ్వు వదలవే! అభిషేకం ఉన్న మైకు అది!"

"నీకు సిగ్గులేదా? ఇంటికొచ్చిన పిల్ల నుదుటి మీదా నీ ప్రతాపం?"

"దీనికీ పట్టింది సైతాను! హల్లెలూయా! అందరూ చెప్పండి, హల్లెలూయా!"

"హల్లెలూయా లేదు, గిల్లెలూయా లేదు! ముందు దానికి క్షమాపణ చెప్పు!"

మైకు కూ అని కూసింది. జనం అదిరిపోయారు. పెద్దమ్మ తుడిచినందుకు కాదండి, నేను గిల్లెలూయా అన్నందుకు. ఆవిడ చేసింది భక్తి అయింది, నేను అన్నది దైవదూషణ అయింది. ఆ తరవాత చాలా ఏళ్ళు రేపల్లె బజార్లో పిల్లలు నన్ను చూసి "గిల్లెలూయక్క వస్తోందిరోయ్" అనేవాళ్ళు. నా పెళ్ళిచూపులకు వచ్చిన ఓ సంబంధంవాళ్ళు ఆ సంగతి విని టిఫిన్ కూడా తినకుండా లేచి వెళ్ళిపోయారు.

పేరాలను తీసుకుని ఇంటికి వచ్చేశాను. అది ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది. పెరట్లో ముఖం కడుక్కుని, అద్దం ముందు నిలబడి మెల్లగా అంది: "నాకు మీ పెద్దమ్మ మీద కోపం లేదే. కానీ బొట్టు లేని మొహంతో బాపట్ల ఎలా వెళ్ళను? మా అత్తగారు గుమ్మంలోనే కూలబడిపోతుంది."

వీధంతా మావాళ్ళే. పండగని ఫ్యాన్సీ కొట్టు మూసేశారు. బొట్టుబిళ్ళ కోసం ఇంటింటికీ తిరిగాను. "మా ఇంట్లో బొట్టా? శివశివా!" అంది ఒకావిడ. అనేసి నాలిక్కరుచుకుంది. ఇంకో ఇంట్లో పిన్ని "అలాంటివి మేం ముట్టం" అంటూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ భుజం మీదుగా నాకు అద్దం కనబడుతోంది, దాని నిండా అంటించిన బిళ్ళలు. "అవి మా కోడలివి, అది పుట్టింటికెళ్ళింది" అని తలుపు వేసేసింది. నేను తిట్టుకుంటూ ఉత్తచేతుల్తో ఇంటికొచ్చేసరికి పెరటి గుమ్మంలో మైకు పెద్దమ్మ కూతురు నిలబడి ఉంది. గుంటూరులో ఫోన్ల షోరూమ్‌లో పని చేసేది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఎర్రబిళ్ళల ప్యాకెట్ తీసి నా చేతిలో కుక్కింది.

"డ్యూటీలో పెట్టుకుంటానక్కా. రేపల్లె స్టేషన్‌లో దిగేముందు తీసేస్తా. మా అమ్మకు చెప్పకు."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది.

ఆ ప్యాకెట్ నా చేతిలోంచి మా అమ్మ తీసుకుంది. మా అమ్మ బాప్తిస్మం తీసుకున్న దగ్గర్నుంచి బొట్టు పెట్టుకోలేదు. ఎవరెంత బతిమాలినా, పెళ్ళిళ్ళలో పేరంటాళ్ళు చిన్నబుచ్చుకున్నా పెట్టించుకోలేదు. అలాంటి మనిషి పేరాలను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, ఓ బిళ్ళ తీసి నుదుటి మధ్యలో పెట్టింది. కొంచెం పక్కకు వచ్చింది. (అలవాటు లేని చెయ్యి.) తీసి మళ్ళీ సరిగ్గా పెట్టింది.

"నేను పెట్టుకోనమ్మా. అది నా నమ్మకం. నీది తీసెయ్యమని దేవుడు నాకెప్పుడూ చెప్పలేదు. మా తప్పు, క్షమించు తల్లీ."

అప్పుడు ఏడ్చింది పేరాల. మా అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. "మీరెందుకు పిన్నిగారూ క్షమాపణ చెప్పడం" అంటూ ఏడ్చింది.

భోజనాల వేళకు అయ్యగారు వచ్చారు. వరండాలో కుర్చీ అంచున కూర్చుని, "పెద్దావిడ, ఉత్సాహంలో అలా..." అని నసిగారు. నేను నోరు తెరవబోతే అమ్మ నా చెయ్యి నొక్కింది. ఈసారి మాట్లాడింది పేరాల.

"అయ్యగారూ, ఒకటి అడగనాండి? మీ దేవుడికి నా బొట్టు మీద కోపమాండి?"

ఆయన ఓసారి వీధి వైపు చూశారు. "లేదమ్మా" అన్నారు, మాకు మాత్రమే వినబడేంత చిన్నగా.

"మరి ఆ మాట అక్కడ మైకులో చెప్పలేదేంటండీ?"

అయ్యగారు మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. ఆయన చెడ్డవాడని నేను ఇప్పటికీ అనను. కానీ పెద్దమ్మ మీద కంటే ఆయన మీదే నా కోపం ఎక్కువ. ఆవిడ అది దేవుడి పనే అనుకుంది, తుడిచింది. ఆయనకు కాదని తెలుసు, పేజీలు తిప్పుకున్నాడు.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుని పేరాల అంది: "ఆస్పత్రి బెంచీ మీద మీ దేవుడు నా పక్కనే కూర్చున్నాడనిపించిందే. ఇవాళ పొద్దున మైకు పట్టుకుని నిలబడ్డాడనిపించింది. నాకేం తెలుసు చెప్పు, మిమ్మల్ని చూసేగా అనుకోవాలి?" వేమూరు దాటాక, "మీ అమ్మ మంచిదే" అంది. తరవాత ఎప్పుడూ గుడికి రాలేదు. నేనూ ఎప్పుడూ పిలవలేదు. పిలిచే మొహం నాకేది?

స్నేహం మాత్రం పోలేదు. ఇప్పుడు వాళ్ళు చీరాలలో ఉంటున్నారు, బట్టల వ్యాపారం. మేము బాపట్లలో స్థిరపడ్డాం. పేరాల కూతురు ఇక్కడే కాలేజీలో చేరింది, ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. మొన్నామధ్య ఆ పిల్ల ఉన్నట్టుండి, "ఆంటీ, ఈ వారం నేనూ మీతో చర్చికి రానా? ఊరికే, చూడ్డానికి" అంది. వెంటనే దాని తల్లికి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"తీసుకెళ్ళు. కానీ నువ్వు పక్కనే కూర్చో."

కూర్చున్నాను. కూర్చోవడమంటే మామూలుగా కాదు, కొంగు బిగించి, పిల్లను గోడవైపు కూర్చోబెట్టి, నేను దారికి అడ్డంగా కూర్చున్నాను. ఎవరు మావైపు తిరిగినా గుర్రుగా చూశాను. వందనాలు చెప్పడానికి వచ్చిన ఓ పెద్దావిడ నా చూపుకు సగం దారిలోనే ఆగి వెనక్కి వెళ్ళిపోయింది. పాపం, ఆవిడ చేతిలో పిల్లకివ్వడానికి చాక్లెట్ ఉంది. ఆరాధన అంతా చక్కగా జరిగిపోయింది, ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఆ పిల్ల నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది:

"పాటలు బాగున్నాయి ఆంటీ. అందరూ బాగానే ఉన్నారు. మీరొక్కరే ఎందుకంత కోపంగా కూర్చున్నారు? మీ దేవుడి దగ్గర నవ్వకూడదా?"