మ్యూజియంల పెండ్లిచూపులు

మా ఇంట్ల పెండ్లిచూపులంటె అది మా ఇంటి సంగతి కాదు, గల్లీ సంగతి. ముంగట పప్పుల టోకు దుకాణం, ఎనక ఇల్లు. వచ్చేటోళ్లు కారు దిగంగనే ఎదురుంగ బెల్లం దుకాణపాయన తక్కెడ ఆపి లేచి నిలబడ్తడు. పిలగాడు ఎంత పొడుగు, తల్లి ఏం చీర కట్టింది, మిఠాయి డబ్బా ఏ దుకాణంది, అన్నీ పొద్దుమూకేలోపల బజారంత తిరిగి మా మేనత్తకు చేరుతయి. రెండు సంబంధాలు గిట్ల వచ్చి గిట్లనే పోయినంక మా అమ్మ "ఇగ ఇంట్ల వద్దు" అన్నది.

గుడికి పోదామంటె అక్కడ అందరు తెలిసినోళ్లే. కోట కాడికి పోదామంటె ఎండ. అప్పుడు మా మేనమామకు మ్యూజియం యాదికొచ్చింది.

మా బీదర్‌ల చూసేటియి తక్కువేం గావు. కోట ఉన్నది, గుంబజులున్నయి, పాత మదర్సా ఉన్నది. అవి మేము ఎవ్వరం చూడం, బయటూరోళ్లు వస్తె చూపెడ్తం. గిసుమంటి ఊర్ల ఒక పెద్ద కుటుంబమోళ్లు వాళ్ల పాత బంగ్లాకు తెల్లరంగు ఏపిచ్చి, ఆధునిక కళల మ్యూజియం అని బోర్డు పెట్టిండ్రు. వాళ్ల సొంత పటాలు ఒక్క అర్ర నిండ గూడ లేవు. అందుకని మిగిలిన అర్రలల్ల బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో ఎవరిదో ఒకరిది ఎగ్జిబిషన్ తెచ్చి కొన్ని నెలలు పెడ్తరు, తీసేస్తరు, ఇంకొకటి పెడ్తరు. గేటు మీద "తాత్కాలిక ప్రదర్శన" అని కన్నడల రాసుంటది.

"ఏసీ ఉన్నది, బాత్రూములు సాఫున్నయి. అన్నిటికంటె ముఖ్యం, మనోళ్లు ఒక్కలు గూడ రారు" అన్నడు మా మామ. కళ గురించి మా ఖాందాన్‌ల ఎవ్వరన్న అంత మంచిగ మాట్లాడంగ నేను ఇనుడు అదే మొదలు.

సంబంధం హుల్సూర్‌ల విత్తనాలు, ఎరువుల దుకాణమున్నోళ్లది. పిలగాడు హైదరాబాద్ కంపెనీ పని ఇంట్ల కూసోని చేస్తుండు. నేను డిగ్రీ అయినప్పటి సంది మా దుకాణంల టోకు బేరాలు చూస్తున్న. లారీలోళ్లతోని, మిల్లులోళ్లతోని ఒర్రి ఒర్రి నా గొంతు పెద్దగైందని మా అమ్మకు ఒకటే ఫికర్. పోయే దారిల "మెల్లగ మాట్లాడు, మెల్లగ నవ్వు" అని చెప్పుకుంటనే ఉన్నది. మ్యూజియం లోపలికి పోతె గోడ మీద బోర్డు గూడ అదే చెప్తాంది.

మొదటి అర్రల గోడంత పెద్ద తెల్లగుడ్డ. దాని మీద ఏం లేదు. దగ్గరికి పోయి మంచిగ చూస్తె ఉన్నది, ఇంకొంచెం తెల్లది.

మా నాయిన మామ చెవుల "ఇంక ఎయ్యలేదా?" అని అడిగిండు.

"మొదటి కోటింగ్ ఎండాలె గావచ్చు" అన్నడు మామ.

పిలగాడు మాత్రం చేతులు ఎనక కట్టుకోని, పక్కన అతికిచ్చిన ఇంగ్లీషు కాయితమంత పైకి చదివి, నా దిక్కు తిరిగి "ఇది శూన్యం గురించి" అన్నడు. నేను "అవును, కనిపిస్తనే ఉన్నది" అన్న.

"అట్ల కాదు. దీన్ని చూడాలంటె జర ట్రైనింగ్ కావాలె" అన్నడు. మల్ల ఆ ఊపుల్నే "పెండ్లయినంక దుకాణం పని బంద్ చేస్తవు గద?" అని అడిగిండు.

"ఎందుకు?"

"హైదరాబాద్‌కు మారుతం. అక్కడ పప్పులు పాకెట్లల్ల దొరుకుతయి."

ఆ పాకెట్లల్లకు పప్పు యాడనుంచి వస్తదో, దానికి మాత్రం ఆయనకు ట్రైనింగ్ లేదు. ఆ మాట నోటిదాక వచ్చింది. మా అమ్మ నన్నే చూస్తాంది.

అంతట్ల పిలగాని తల్లి నా చెయ్యి పట్టుకున్నది. జర లావుగ, తెల్లగ, కొప్పుకు పెద్ద పిన్ను పెట్టుకోని ఉన్నది. "బిడ్డా, నా మోకాళ్లు గుంజుతున్నయి. యాడన్న కూసుందాం" అన్నది. మొత్తం బంగ్లాల కూసునేటందుకు ఒక్కటే బెంచీ ఉన్నది. అది గూడ ఒక చీకటి అర్రల, సినిమా తెర ముంగట. ఆ తెర మీద ఒక మనిషి తలుపు తీసుకోని లోపలికొస్తడు, అర్రంత చూస్తడు, మల్ల పోయి తలుపు ఏస్తడు. జరసేపైనంక మల్ల వస్తడు. అంతే, కథ అదే.

మూడోసారి వచ్చేదాక ఇద్దరం మర్యాదగ చూసినం.

"ఏం మర్చిపోయిండు బిడ్డా?" అన్నది ఆమె.

"తాళంచెవి గావచ్చు."

"దొరకలేదు పాపం. మల్ల వచ్చిండు సూడు."

"గ్యాస్ బంద్ చేసిండో లేదో సూస్తుండు."

"పెండ్లాన్ని అడగొద్దా?"

"అడగడు. మొగోడు గద."

అంతే, ఆమె పక్కున నవ్వింది. ఆమె నవ్వుతె నేనెట్ల ఆగుత? లారీలోళ్ల మీద ఒర్రే గొంతు అంత నవ్వుల కలిసింది. చప్పుడు ఇని పిలగాడు ఉరికొచ్చిండు. తలుపుల నిలబడి, మా ఇద్దర్ని చూసి, అర్రంత చూసి, తలుపు ఏసి పోయిండు. అచ్చం తెర మీది మనిషి లెక్కనే. ఆ తల్లి కొంగు నోట్ల కుక్కుకున్నది, కండ్లల్లకెళ్లి నీళ్లు కారుతున్నయి.

ఆ వారంలనే మామ కబురు తెచ్చిండు. పిల్ల మంచిదేనట, గని సీరియస్‌నెస్ లేదట. కళను చూసి నవ్విందట.

నాకు ఆ పిలగాడు వద్దనే ఉండె. గని వద్దు అనే మాట ముందుగాల వాళ్ల దిక్కునుంచి వచ్చేసరికి మనసుకు తాకింది. ఆ దినం దుకాణంల ఒక మిల్లాయన మీద ఊరికెనే ఒర్రిన. పాపం, ఆయన మంచి కందిపప్పే పంపిండు. మా అమ్మ "నేను చెప్పలేదా" అనే మాటను మూడు పూటలు అన్నంతోని కలిపి పెట్టింది.

కొన్ని దినాలకు ఒక కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"బిడ్డా, నేను."

"ఎవరు?"

"నీకు అత్తను కావాల్సి కాకుంట పోయినామెను."

ఏమని పిలవాల్నో నాకు తెల్వలేదు. అత్తమ్మా అనరాదు, ఆంటీ అంటె దుకాణానికొచ్చిన గిరాకీని పిలిచినట్టుంటది. చివరికి "చెప్పు పెద్దమ్మా" అన్న. అదే ఉండిపోయింది.

"ముందు నవ్వింది నేను, పేరు నీకొచ్చింది. ఇంట్ల చెప్పిన గని ఎవ్వలు ఇనలే. నా మీద కోపం ఉంచుకోకు" అన్నది. మల్ల "ఆ తలుపు మనిషి ఇంక ఉన్నడా?" అని అడిగింది.

"లేడు, తీసేసిండ్రట. కొత్తది పెట్టిండ్రు. దారాలట."

"దారాలా? ఎన్నడు పోదాం?"

పోయినం. నేను ఇంట్ల బ్యాంకు పనున్నదని చెప్పిన. ఆమె కండ్ల డాక్టరు కాడికని చెప్పి, హుల్సూర్ నుంచి భాల్కి మీదికెళ్లి బస్సుల వచ్చింది. "చూసేటందుకే వస్తున్న గద, అబద్ధం యాడిది?" అన్నది.

ఆ ఎగ్జిబిషన్‌ల హాలంత ఎర్రదారాలు. ఈ గోడకెళ్లి ఆ గోడకు, మీదికెళ్లి కిందికి, వంగి వంగి నడవాలె. గోడ మీద కన్నడల "ఇవి మనుషుల మధ్య సంబంధాలు" అని రాసిండ్రు. నేను చదివి చెప్పిన.

"ఏ సంబంధాలు? కుదిరినయా, తప్పినయా?" అన్నది పెద్దమ్మ.

అట్ల అనుకుంటనే ఆమె కొప్పు పిన్ను పోయి దారాల్ల ఇరుక్కున్నది. తల ఇటు తిప్పితె ఆ దారం వస్తాంది, అటు తిప్పితె ఈ దారం వస్తాంది. నేను విడిపిద్దామని చెయ్యి పెట్టంగనే, ఎగ్జిబిషన్లు అమర్చే బెంగళూరు పిల్ల ఉరుక్కుంట వచ్చింది. "అలుగాడబేడి, అలుగాడబేడి" అన్నది. కదలకుండ్రి అని. మేము కదలలే. ఆమె ఫోను తీసి నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీసింది. ఆ తర్వాత పిన్ను తీసి, దారానికేం గాలేదు గద అని దారాన్నే ఇటు అటు తిప్పి చూసుకున్నది. పెద్దమ్మ ఎంట్రుకల సంగతి ఎవ్వలు అడగలే.

అట్ల మాకు అలవాటైంది. ఎగ్జిబిషన్ మారితె నేను ఫోన్ చేస్త, పెద్దమ్మ కండ్లకు మల్ల ఏదో అయితది. ఒకసారి విరిగిన కప్పులు పెట్టిండ్రు. ఒకసారి ఒక అర్రల మొత్తం ఉప్పు పోసిండ్రు. ఉప్పు కుప్పను చూసి నాకు ఒక్కటే ఫికరైంది, వానకాలం వస్తె గతేంది అని.

గని ఒక పొద్దు భాల్కిల బస్టాండు ఎదురుంగ పెద్ద ఫ్లెక్సీ లేసింది. "కళ అందరిది" అని కన్నడల, ఇంగ్లీషుల. కింద మ్యూజియం పేరు. నడుమ ఎర్రదారాల్ల ఇరుక్కోని, నోరు తెరిచి మా పెద్దమ్మ. పక్కన చెయ్యి లేపి నేను. దారాలకెళ్లి చూస్తె నేను ఆమెను కొడుతున్నట్టే కనబడ్తాంది.

పెద్దమ్మ ఇంటాయన ఎరువుల లోడు పనిమీద భాల్కికొచ్చి అది చూసిండు. ఇంటికి పోయి ఒక్కటే మాట అడిగిండట. "కండ్ల డాక్టరు దారాలతోని కట్టేసి చూస్తడా?"

ఆ సాయంత్రమే కొడుకు నాకు ఫోన్ చేసిండు.

"మా అమ్మను ఎందుకు తిప్పుతున్నవ్?"

"నేను తిప్తలేను. సర్కారు బస్సు తిప్తాంది."

"ఆమెకు మాడర్న్ ఆర్ట్ గురించి ఏం తెలుసు? ఏం చూస్తది అక్కడ?"

"అన్నీ తెలిసినాయన మీరే ఉన్నరు గద, ఎన్నడన్న తీస్కపోయి చూపెట్టిండ్రా?" అన్న. గొంతు పెద్దగనే లేసింది. దుకాణంల గుమాస్తా, గిరాకీలు అందరు తిరిగి చూసిండ్రు.

అవతల ఫోను గుంజుకున్న చప్పుడైంది. పెద్దమ్మ గొంతు, నాతోని కాదు, కొడుకుతోని. "నీకు పిల్ల వద్దంటివి, సరే అంటిమి. నాకు నచ్చింది. మీ నాయిన నన్ను చూడొచ్చిననాడు నీకు నచ్చిండా అని నన్నెవ్వలన్న అడిగిండ్రా? ఇన్నేండ్లకు నా అంతట నేను ఒక మనిషిని చూసుకున్న. ఇందుట్ల నీకేం నష్టం?"

ఆ మాటకు కొడుకు ఏం జవాబిచ్చిండో నాకు ఇనబడలే. ఫోను కట్టైంది. దుకాణంల ఎన్నో బేరాలు గెలిచిన, గని నా దిక్కు నిలబడి ఎవ్వరన్న అట్ల మాట్లాడంగ అంతకుముందు ఇనలేదు.

మా ఇంట్ల వేరే లొల్లి. "కొడుకు కాదన్నంక తల్లితోని తిరుగుడేంది? లోకం ఏమంటది?" అని మా అమ్మ. మా మామకైతె పట్టరాని సంతోషం. "హుషారే పిల్లవు. తల్లిని పట్టినంక కొడుకు యాడికి పోతడు?" అన్నడు. నాకు కొడుకుతోని పనే లేదని ఎంత చెప్పినా నమ్మలేదు. ఆయన లెక్కల ఎవ్వరన్న ఒక మనిషితోని ఊరికెనే దోస్తీ చేస్తరనేది ఆ తెల్లగుడ్డ కంటె అర్థంగాని సంగతి. చేసేదేం లేక నా మిగిలిన చూపులను ఒక హోటల్‌కు మార్చిండు. అక్కడ టిఫిన్ గూడ దొరుకుతదని.

చలికాలంల ఆ కొడుకు పెండ్లైంది. పెద్దమ్మ నాకు పత్రిక తానే తెచ్చిచ్చింది. పెండ్లి హాలుల నన్ను ముంగటి వరుసల కూసోబెట్టింది. వాళ్ల ఆడపడుచు "ఈ పిల్ల ఎవ్వలు?" అని అడిగితె, "నా దోస్తు" అన్నది. దోస్తా అని ఆమె నన్ను కిందికి మీదికి చూసింది. స్టేజీ మీద ప్లాస్టిక్ పూలు, థర్మాకోల్ ఏనుగులు, మెరిసే లైట్లు. పెద్దమ్మ నా చెవుల "ఇదెవరి ఎగ్జిబిషన్?" అన్నది. పెండ్లికొడుకు తల్లి అట్ల నవ్వొచ్చునా అని నేనే ఆమెను గదిమిన.

మొన్నొచ్చిన ఎగ్జిబిషన్ ఎవరో ఒకామె ఏసిన పెద్ద పెద్ద పటాలది. అన్నీ నలుపుకు నీలానికి నడుమ రంగు. నేను అలవాటు కొద్ది "కరెంటు పోయినప్పుడు ఏసినట్టున్నది" అన్న. పెద్దమ్మ నవ్వలే. ఒక పటం ముంగట నిలబడ్డది. మోకాళ్లు గుంజుతున్నయని గూడ అనలే.

చానాసేపటికి, "నేను కాపురానికొచ్చిన కొత్తల పొద్దుమూకంగ మిద్దె మీదికెక్కి మా తల్లిగారి ఊరు దిక్కు చూస్తుంటి. గిదే రంగుండె" అన్నది.

ఆమె పక్కన నిలబడి నేను గూడ చూసిన. రంగే కనబడ్డది. ఆమెకు కనబడ్డది నాకు కనబడలే, గని నవ్వబుద్ధి మాత్రం కాలే.

బయటికొచ్చి బస్టాండు దిక్కు నడిచినం. బండి కాడ ఇద్దరం మిర్చిబజ్జీలు తిన్నం. భాల్కి బస్సు వచ్చింది, నిండ జనం. నేను ముందుగాల ఎక్కి, ఒర్రి, జగడం పెట్టి ఆమెకు కిటికీ పక్కన సీటు సంపాయించిన. ఆమె కూసోని కొంగు సదురుకోని, "ఇంటికి పో, మీ అమ్మ నీ దారి సూస్తుంటది" అన్నది.