దిగడానికో బస్తా

మా ఆర్మూర్‌లో ఏ రోగానికైనా ముందు పసుపే. తెగినా పసుపే, దగ్గినా పసుపే. చిన్నప్పుడు నా మోకాళ్లు వాచి నడవలేకపోయినప్పుడు కూడా మొదట జరిగింది అదే. మా బాపుకు మార్కెట్ యార్డులో అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పసుపును అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం ఆయన పని. దుకాణానికి వచ్చిన ప్రతి రైతూ నా కాళ్లు చూసి, తన బస్తాలోంచి మంచి కొమ్ములు ఏరి, "అరగదీసి పట్టెయ్యి సేటూ, వారంల తగ్గుతది" అని బాపు చేతిలో పెట్టి పోయేవాడు. వారాలు గడిచాయి. వాపు తగ్గలేదు కానీ నా మోకాళ్లు, బడి గౌను అంచులు, పక్క దుప్పటి అన్నీ పచ్చబడ్డాయి. క్లాసులో నాకు పసుపు కొమ్ము అని పేరు పెట్టారు. వేళ్లు కూడా వాచి ఉన్నాయి కాబట్టి ఆ పేరు బాగానే అతికింది.

చివరికి హైదరాబాద్ దవాఖానలో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, ఇది పిల్లలకు వచ్చే కీళ్లవాతమని, మందులు ఏళ్ల తరబడి వాడాలని చెప్పింది. కీళ్లవాతం ముసలోళ్లకు కదా వచ్చేది అని అమ్మ అక్కడే ఏడ్చేసింది. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "కాళ్లు ఊరికే ఉంచొద్దు. వాపు తగ్గాక సైకిల్ తొక్కించండి." మందుల సంగతి బాపు బుద్ధిగా విన్నాడు. సైకిల్ సంగతి మాత్రం తిరుగు బస్సులోనే తేల్చేశాడు.

"నడవరాని పిల్లను సైకిల్ ఎక్కియ్యాల్నట. కింద పడితె గామె వస్తదా లేపనీకి?"

అప్పట్నుంచి నన్ను మోయడం మొదలైంది. బడికి బాపు స్కూటర్ మీద. దుకాణంలో అయితే హమాలీలు చంకల కింద చేతులు వేసి ఎత్తి బస్తాల మీద కూర్చోబెట్టేవాళ్లు. ఒకసారి సరదాకి నన్ను కాంటా మీద కూడా పెట్టి తూచారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఇంటికి వచ్చి ఏడ్చాను. నొప్పి కంటే ఆ మోయడమే నాకు ఎక్కువ బాధ. అంకాపూర్‌లో అమ్మమ్మ ఇల్లు పెద్ద దూరమేమీ కాదు. అన్న మనసు పుట్టినప్పుడల్లా సైకిలేసుకుని పోయి మక్క కంకులు తిని వచ్చేవాడు. నేను మాత్రం ఎవరికి తీరిక దొరుకుతుందా అని కూర్చోవాలి. ఒక్కసారైనా నా అంతట నేను పోయి అమ్మమ్మ వాకిట్లో దిగాలి. దేవుడి ముందు దండం పెట్టినప్పుడు నేను అడిగింది మంచి కాళ్లు కాదు, అది.

మందులు పని చేసి వాపు కాస్త దిగాక, దారి చూపింది అన్నే. ఆదివారం యార్డుకు సెలవు. షెడ్ల కింద బస్తాలు తప్ప మనుషులుండరు. బాపు సరుకు చూసుకోవడానికని వచ్చి దుకాణంలో కూర్చునేవాడు. మేము అవతలి షెడ్డుకు పోయేవాళ్లం.

"ఎక్కు చెల్లె, నేను పట్టుకుంట," అన్నాడు అన్న.

"మరి దిగుడెట్ల?"

అదే అసలు చిక్కు. అన్న సైకిల్ ఎత్తు. నేల మీదికి దూకితే ఆ అదురు మోకాలికి తగిలి ప్రాణం పోతుంది. అన్న చుట్టూ చూశాడు. "బస్తా మీదికెల్లి ఎక్కు, మల్ల బస్తా మీదికే దిగు," అన్నాడు. అట్లా నేను సైకిల్ నేర్చుకున్నాను. ఎక్కాలంటే బస్తా, దిగాలంటే బస్తా. ఎడమకు తిప్పి, మెల్లగా బ్రేకు వేసి, గోనె మీద కాలు ఆనించాలి. లోకంలో అందరూ సైకిల్ ఇట్లాగే దిగుతారన్నంత ధీమా వచ్చేసింది నాకు.

అన్న చెయ్యి వదిలేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మోకాలు మడతపడింది, తెరుచుకుంది, మళ్లీ మడతపడింది. నొప్పి పెట్టలేదు! నడకలో ఉన్న కుంటు, సైకిల్ మీద లేదు. షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నేను మామూలు పిల్లను. అంత సంతోషం మళ్లీ దేనికీ కలగలేదు, పెళ్లికి కూడా. ఇప్పుడు నా రోగం చాలావరకు నెమ్మదించింది. అంకాపూర్‌లో సీడ్ కంపెనీలో ఉద్యోగానికి రోజూ సైకిల్ మీదే పోతాను. స్కూటీ కొనుక్కోరాదా అంటారు తోటివాళ్లు. వాళ్లకేం తెలుసు.

అప్పుడు, షెడ్డులో తొక్కడం వచ్చాక, ధైర్యం చేసి బాపును అడిగాను. "బాపూ, సైకిల్ మీద అమ్మమ్మ ఇంటికి పోత."

"గా ముచ్చట మల్ల ఎత్తకు," అన్నాడు.

నేను ఎత్తలేదు. తర్వాతి ఆదివారం అన్న నీళ్లు తాగడానికి పోయినప్పుడు, షెడ్డు దాటి, గేటు దాటి రోడ్డెక్కాను.

పసుపు ఉడకబెట్టే రోజులవి. దారి పొడుగునా ఆ వాసన, కల్లాల్లో ఆరబోసిన కొమ్ములు. రోడ్డు పక్కన కంకులు కాల్చే ఆడవాళ్లు నన్ను చూసి, "కంకి తింటవా బిడ్డా?" అని పిలిచారు. నన్ను చూసి ఎవరూ అయ్యో అనలేదు. గొంతులో ఏదో పాట వచ్చింది, గట్టిగానే పాడుకున్నాను.

అమ్మమ్మ వాకిట్లోకి వచ్చేసరికి పాట ఆగిపోయింది. అక్కడ బస్తా లేదు.

పసుపంతా ఇంకా కల్లాల్లోనే ఆరుతోంది. బస్తాలకెత్తడానికి ఇంకా రోజులు పడతాయి. పసుపు అమ్మే ఇంటి పిల్లను, ఆ సంగతి నాకు తట్టకపోవడం ఏమిటో! వాకిట్లో ఒక చుట్టు తిరిగాను. ఇంకో చుట్టు తిరిగాను.

అమ్మమ్మ అరుగు మీంచి లేచింది. "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? దిగు, దిగు!"

"దిగరాదు అమ్మమ్మా! బస్తా ఏది?"

"బస్తా ఎందుకే?"

చెప్పేంత ఊపిరి నాకు లేదు. ఆమె పీట పట్టుకుని నా వెనక, నేను ఆమె ముందు, వాకిలంతా తిరుగుతున్నాం. కాళ్లు బరువెక్కాయి. సైకిల్ అటూ ఇటూ ఊగుతోంది. పడతాను, బాపు మాటే నిజమవుతుంది, మళ్లీ జన్మలో సైకిల్ ఎక్కనివ్వరు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే బాపు స్కూటర్ చప్పుడు వినిపించింది. ఇంకేముంది, అయిపోయింది.

బాపు నన్ను తిట్టలేదు. పట్టుకోవడానికీ రాలేదు. స్కూటర్ మీద కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చిన సగం బస్తా పసుపును దించి, వాకిలి మధ్యకు ఈడ్చి నిలబెట్టాడు.

"ఎడమకు తిప్పు. బ్రేకు మెల్లగ. ఆఁ, కాలు ఆనియ్యి."

అవి అన్న చెప్పే మాటలు. ఆదివారాలన్నీ దుకాణం నుంచి మమ్మల్ని చూస్తూ, వింటూనే ఉన్నాడన్నమాట. నేను గోనె మీద కాలు ఆనించి, నా అంతట నేనే దిగాను. బాపు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అత్తమ్మా," అన్నాడు అమ్మమ్మతో, "పిల్ల సైకిల్ మీద వచ్చింది. ఒక్కతే వచ్చింది."

టీ తాగి బాపు వెళ్లిపోయాడు. సాయంత్రం నిన్ను తీసుకుపోతానని అనలేదు. బస్తాను మాత్రం అమ్మమ్మ వాకిట్లోనే వదిలిపెట్టి పోయాడు.